కాంటా దేవుని ఒక్కపొద్దు

మా కబడ్డీ మేడం పోయింది. బోధన్ నుంచి వాళ్ల చెల్లె ఫోన్ చేసినప్పుడు నేను ఆటల టీచర్‌గ ఉన్న జక్రాన్‌పల్లి బడి గ్రౌండ్ల పిల్లలతోని ముగ్గుపిండి గీతలు పోపిస్తున్న. "పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగింది బిడ్డా" అన్నది. నమ్మబుద్ధి కాలే. ఇప్పటికీ ఐతలేదు, ఏంజేయమంటరు?

కబడ్డీ ఆడనోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. పిల్లల పోటీలల్ల బరువుకు హద్దుంటది. సెలక్షన్లప్పుడు కాంటా ఎక్కిస్తరు, హద్దు దాటితే ఇంటికే. అందుకే నేను ఆడే రోజులల్ల మేం ముందుగాల్నే ఉప్పు బంద్ పెడ్తుంటిమి. ఉప్పు లేకపోతే పెయ్యిల నీళ్లు నిలువయి, బరువు జల్ది దిగుతది. ఇంట్ల అవ్వ ఊకుంటదా? "ఒక్కపొద్దున్న, చప్పిడే తింట" అని చెప్తుంటిమి. అవ్వ పాపం నిజమే అనుకొని మురిసేది.

మేడం ఒక్క చూపుల పట్టేది. పెదవులెండి, పిక్కలు గుంజుకపోతుంటే దాగుతదా? "ఏ దేవునికే నీ ఒక్కపొద్దు? కాంటా దేవునికా? చెరుకు బండివా నువ్వు, కాంటా ఎక్కనీకి పుట్టినవా?" అని తిట్టుకుంటనే ఉప్పేసిన గంజి ముందటవెట్టేది. ఒకసారి తాగనంటే తాగనని నేను మొండికేస్తే గిలాస పట్టుకొని గట్లనే నిలవడ్డది. నేనే ఓడిపోయిన.

ఇగ కాంటా దిగంగనే మేం తొక్కు మీద, అప్పడాల మీద పడ్తుంటిమి. తెల్లారి కాళ్లు వాచి బూట్లు పట్టకపోయేది. మేడం కాలి ఎముక మీద బొటనవేలుతోని ఒత్తి, పడ్డ సొట్ట చూపెట్టేది. "ఉప్పు నీళ్లను పట్టుకుంటదే. ఒకనాడు మానేసి ఒకనాడు మింగితే పెయ్యి ఆగమైతది. రోజు తినేది రోజు తినుర్రి. చెమట వోయినంత మళ్ల పెట్టుర్రి. గంతే."

అంత కోపమెందుకో చాన్నాళ్లకు చెప్పింది. ఆమె ఆడే వయసుల ఒక దోస్తు ఉండెనట. గిట్లనే ఉప్పు మానేసి, ఎండల ఆడుకుంట వట్టి నీళ్లే కడుపునిండ తాగిందట. కూతకు పోయిన పిల్ల సగం కూతలనే పడిపోయింది. మళ్ల లేవలే. "ఆ మిగిలిన సగం నాకింకా ఇనబడ్తదే" అన్నది మేడం. గ్రౌండ్ల ఎవరి కూత తెగినా ఆమె తల గిర్రున ఎందుకు తిరిగేదో అప్పుడు సమజైంది.

ఆఖరికి గుండె నీరసపడి, డాక్టర్లు ఆమెకే ఉప్పు తగ్గించమన్నరు. నేను చూడబోతే కాళ్లు వాచి ఉన్నయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె నవ్వింది. "నాది రోగం తిండి. నన్ను చూసి పిల్లలకు చప్పిడి పెట్టినవో, తోలు తీస్త."

ఆమె మట్టి అయిన వారమే నిజామాబాద్ల సెలక్షన్లు. నా బడి పిల్లలల్ల మంచిగ కూతకు పోయే పిల్ల కాంటా మీద జరంత హద్దు దాటింది. "మళ్ల తూస్తరు, ఉరికించు, నీళ్లు తాపకు" అన్నరు పక్క కోచ్‌లు. పిల్లల పోటీలల్ల ఆడనీకి దానికి ఇదే ఆఖరి ఏడు. గెలిస్తే హాస్టల్ల సీటు, లేకుంటే వాళ్లింట్ల బీడీలు చుట్టే చాట ముందటేస్తరు. పిల్ల అప్పటికే చెమట పోవాలని ఎండల స్వెటర్ ఏసుకొని నా దిక్కే చూస్తున్నది. పొద్దటి సంది ఏం తినలేదు, పెదవులు తెల్లగైనయి.

"స్వెటర్ ఇడువు. ఇంటికి పోదాం" అన్న.

"పోయినామె మాటకు నన్ను ఆపుతున్నరా టీచర్?" అని ఏడ్చింది. నేనే దాని స్వెటర్ ఇప్పి సంచిల పెట్టిన. చేసింది సరేనా అని అడుగుదామంటే మేడం లేదు.

బస్సుల పులిహోర పొట్లం చేతిల వెడితే, ముఖం తిప్పుకొనే తిన్నది. తిని, కోపంతోనే నా భుజం మీద ఒరిగి పడుకున్నది. దాని ఊపిరి నా మెడకు తగులుతున్నది. జక్రాన్‌పల్లి దాక నేను కదల్లే.