అమ్మ గొంతుకు తగిన స్పీకర్లు

మా మేనమామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున అల్లపల్లి నుంచి వచ్చిన బస్సు కండక్టర్ చెప్పాడు. నేను మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో టీచర్‌ని. బడికి బయలుదేరుతున్నదాన్ని గడప మీదే కూర్చుండిపోయాను. ముందురోజు సాయంత్రం కూడా ఎవరిదో ట్రాన్సిస్టర్ బాగుచేసి ఇచ్చాడట.

అల్లపల్లిలో మామకు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఏ సెట్టు తెచ్చినా వెంటనే మూత విప్పేవాడు కాదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు వినేవాడు. “ముందుగాల దాని బాధ ఇననియ్యి బిడ్డా” అనేవాడు.

ఆయన మాకు చేసిన ఒక మేలు చెప్పుకోవాలి. నాలుగేళ్ల కింద అమ్మ పోయాక నాన్న మాట్లాడటమే మానేశాడు. పొలం చూసుకుని వచ్చేవాడు, తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ గొంతు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. మామ కూతురి పెళ్లిలో అమ్మ పాడుతుంటే మామే రికార్డు చేశాడు. దాన్ని మా చిన్న టేప్‌రికార్డర్‌లో పెడితే నాన్న సగంలోనే లేచి, అది అమ్మ గొంతు కాదన్నట్టు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఎంత ఖరీదైనా మంచి స్పీకర్లు కొంటానని మామతో అన్నాను.

ఇద్దరం చంద్రపూర్ వెళ్లాం. దుకాణదారు నా నడుము ఎత్తున్న స్పీకర్ల జంటను చూపించాడు. ముందువైపు పెద్ద అక్షరాలతో నాలుగు వందల వాట్లని ఉంది. నాకు అవే నచ్చాయి. మామ వంగి వెనక చీటీ చదివాడు. అక్కడ చిన్న అక్షరాలతో నలభై అని ఉంది.

“ముంగట రాసింది ఒక్క గడియ ఎగిరే బలం బిడ్డా. ఎనక రాసింది నిలకడగ మోసే బలం. వడ్ల బస్త ఒక్కసారి భుజానికెత్తుడు వేరు, కల్లం నుంచి ఇంటిదాక మోసుడు వేరు.”

వాట్లు చెప్పేది స్పీకర్ ఎంత ఓర్చుకుంటుందో తప్ప గొంతు ఎంత నిజంగా పలుకుతుందో కాదన్నాడు. మా ముందుగదికి నికరంగా పది వాట్లు చాలట. బలం చాలని యాంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పి అరిపిస్తే పెద్ద స్పీకర్లయినా కాలిపోతాయట.

తర్వాత జేబులోంచి అమ్మ క్యాసెట్టు తీసి, ఒక్కో జంట మీద పెట్టమని దుకాణదారును మరాఠీలో అడిగాడు. పెద్దవాటిలో డోలు నా గుండెల్లో మోగింది, అమ్మ మాత్రం బావిలోంచి పాడినట్టుంది. మూడో జంట చిన్నవి, పాతిక వాట్లవి. వాటిలో చరణానికీ చరణానికీ మధ్య అమ్మ ఊపిరి తీసుకోవడం వినిపించింది.

“గిది మా అక్క” అన్నాడు మామ. కళ్లు తెరవలేదు.

పెద్దవాటికన్నా అవే ఖరీదు. సిరొంచ దాకా బస్సులో చెరొకటి ఒళ్లో పెట్టుకుని వచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం వాటిని గోడకు కాస్త దూరం జరిపి, తన దుకాణం నుంచి తెచ్చిన యాంప్లిఫయర్‌కు తగిలించి, మామ పాట పెట్టాడు. నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. రెండో చరణం దగ్గర మెల్లగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“ఆ దినం దానికి పడిశం బిడ్డా. వద్దన్న ఇనలే, పాడింది” అన్నాడు నాతో. అమ్మ పోయాక ఆమె గురించి నాన్న పలికిన మొదటి మాట అది. మరో చరణం గడిచేసరికి నాన్న తెలియకుండానే బల్ల మీద ఒక కొసకు జరిగాడు, పక్కన ఇంకొకరికి చోటిస్తున్నట్టు. అప్పటిదాకా నిలబడే ఉన్న మామ ఆ ఖాళీ వైపు చూసి, వచ్చి నాన్న కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.