చివరి పేజీ అత్తయ్య

అత్తయ్య ఏ పుస్తకమైనా చివరి పేజీ నుంచే మొదలుపెడుతుంది. పుట్టినప్పుడూ ముందు కాళ్లే వచ్చాయట. తల బయటపెట్టొచ్చో లేదో కాళ్లతో తడిమి చూసుకుందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లి మాటల్లో మామయ్యను అడిగిన మొదటి ప్రశ్న, "మీ తాతగారు ఎన్నేళ్లు బతికారు?"

దీనివల్ల మునిగింది మాత్రం మేనకోడలు. ఆమెది అద్దె పుస్తకాల షాపు. అత్తయ్య పొద్దున్నే వచ్చి స్టూలెక్కి, ఎవరి చేతిలో ఏ పుస్తకం కనబడినా, "అదా, వంటవాడే చంపాడు. తీసుకెళ్లు, బాగుంటుంది" అనేది. వాళ్లు పుస్తకం అక్కడే పెట్టి వెళ్లిపోయేవారు.

అలాంటి అత్తయ్యకి ఓ దెయ్యాల నవల తగిలింది. చివరి పేజీలో ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటారు. ఖాళీ కుర్చీ ఒకటి దానంతటదే వెనక్కి జరుగుతుంది. అంతే, కథ అయిపోయింది.

"ఇందులో దెయ్యం ఎవరే?"

"నన్నడిగితే? మొదట్నుంచి చదువు."

జన్మలో మొదటిసారి ముగింపు తేలకుండానే మొదట్నుంచి చదివింది. మూడో అధ్యాయంలో పోయిన తోటమాలి ఏడో అధ్యాయంలో మొక్కలకి నీళ్లు పడుతున్నాడు. పదికొచ్చేసరికి ఇల్లే చచ్చిపోయి ఊళ్లో తిరుగుతోంది.

"మనుషులకి దెయ్యాలంటే భయం లేదు, దెయ్యాలకి మనుషులంటే భయం లేదు" అంది అత్తయ్య పుస్తకం మూసి. "భయపడింది నేనొక్కదాన్నే. అదీ ఇది ఎప్పటికీ అవదేమోనని."

"పోనీ, వదిలెయ్ అత్తా."

"వదిలేస్తే మీ మామయ్య ఊరుకుంటాడా? తోటమాలి పోయాడనగానే కంటికట్టు కింద ఆయన పెదవి వణికింది."

అప్పటికి గానీ మేనకోడలికి విషయం తెలియలేదు. మామయ్య లారీ మెకానిక్కు. చేతులు రోకళ్లు, మనసు వెన్న. కథలో కుక్క తప్పిపోయినా దిండు పిండి ఆరేసుకోవాలి. అందుకే ఇన్నేళ్లుగా అత్తయ్య ముగింపు ముందే చూసుకుని, పోయేవాళ్లని బతికించి మరీ ఆయనకి చదివి వినిపిస్తోంది. ఇప్పుడు కంటి ఆపరేషనైంది. కట్టు విప్పేదాకా కళ్లు తడవకూడదన్నాడు డాక్టరు. చివర్లో అందరూ భోంచేస్తున్నారు కదా, శుభమే అనుకుని మొదలుపెట్టి అత్తయ్య ఇరుక్కుపోయింది.

ఆ సాయంత్రం మేనకోడలు కూడా వెళ్లింది. అత్తయ్య మంచం పక్కన కూర్చుని, చివరి పేజీ తెరిచి, గొంతు సవరించుకుంది.

"కుర్చీ జరిగింది. తోటమాలి వచ్చి కూర్చున్నాడు. 'ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావయ్యా?' అంది ఇంటావిడ. 'మూడో అధ్యాయంలోనండి. ముందు అన్నం పెట్టండి' అన్నాడు."

మామయ్య నవ్వాడు. మంచం నాలుగు కోళ్లూ నాలుగు దిక్కులకి నడిచాయి. కట్టు తడిసి ముద్దయింది.

"ఏడవొద్దన్నాడుగా డాక్టరు" అంది అత్తయ్య కంగారుగా.

"ఏడిస్తే కదే. అమ్మాయ్, నిజంగా అలాగే ఉందా అందులో?"

మేనకోడలు అత్తయ్య వైపు చూసింది. "అక్షరం పొల్లు పోలేదు మామయ్యా."

మర్నాడు షాపులో ఒకాయన ఆ నవలే తీశాడు. అత్తయ్య నోరు తెరిచేలోగా మేనకోడలు అందుకుంది.

"తోటమాలి బతుకుతాడండి. తీసుకెళ్లండి, బాగుంటుంది."

ఆయన పుస్తకం అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.