నువ్వుల్లో లేని ఆమ్లం

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో, పట్టణంలోని ఒక ప్రైవేటు ఆహార పరీక్షశాలలో ప్రధాన విశ్లేషకుడిగా చేరాను. నూనెగింజల నాణ్యత తేల్చడం నా పని. ముప్పయ్యేళ్ల అనుభవం ఉందని అడిగిన వాళ్లకు చెప్పేవాణ్ణి. అడగని వాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పేవాణ్ణి.

ఎల్లారెడ్డి మహిళా సంఘం నుంచి నువ్వుల నమూనా వచ్చింది. వాళ్లు అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసిస్తారు. మా నివేదిక బాగుంటేనే ఆ పని వాళ్లకు దక్కుతుంది. గింజ తడిసినా, నలిగినా లోపలి నూనె చెడి ఆమ్లం పెరుగుతుంది. అదెంతో తెలియాలంటే నూనెను ఆల్కహాల్‌లో కలిపి, గులాబీ రంగు నిలిచేదాకా చుక్కచుక్కగా క్షారం పోయాలి. ఎక్కువ చుక్కలు పడితే ఆమ్లం ఎక్కువున్నట్టు. ఆ రోజు చాలా చుక్కలు పోస్తేగాని రంగు నిలవలేదు. ఆమ్లం హద్దు దాటింది. "తినడానికి పనికిరావు" అని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు సంఘం పెద్ద సాయవ్వ బస్సెక్కి వచ్చింది. కొంగుముడి విప్పి గుప్పెడు నువ్వులు నా బల్ల మీద పోసింది.

"నమిలి చూడుండ్రి సారూ. చేదున్నయా? ముక్క వాసన గిట్ల వస్తున్నదా?"

నాలుక సాక్ష్యం మా దగ్గర చెల్లదని చాలాసేపు బోధించాను. ఆమె ఓపికగా విన్నది.

"అయితే మీ మందునే ఇంకోపారి అడుగుండ్రి," అన్నది.

రాసి అడిగితే, దాచి ఉంచిన సగం నమూనాను మళ్లీ పరీక్షించాలన్నది నియమం. ఆమె దరఖాస్తు ఇచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. మళ్లీ చేశాను. అదే ఫలితం. నాకు కలిగిన సంతోషం పైకి చెప్పుకోదగింది కాదు.

పక్క బల్ల దగ్గర టెక్నీషియన్ రెహానా తలెత్తింది. "సార్, ఖాళీ పరీక్ష చేసిండ్రా?"

అంటే నూనె కలపకుండా ఒట్టి ఆల్కహాల్‌కే క్షారం పోసి చూడటం. ఆల్కహాల్‌లోనే ఆమ్లం ఉంటే అది గింజ ఖాతాలో పడుతుంది. కొత్తగా చేరిన వాళ్లకు నేను మొదటి రోజు చెప్పే పాఠమిదే. చెప్పడం మానలేదు, చేయడం మాత్రం మానేశాను.

"ఎందుకమ్మా, కొత్త సీసాయే కదా," అన్నాను.

"అయినా ఒకసారి చూస్త సార్."

ఒట్టి ఆల్కహాలే దాదాపు అన్ని చుక్కలనూ మింగేసింది. నువ్వులు నిక్షేపంలా ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి వెళ్లి, తప్పు నాదేనని సాయవ్వకు చెప్పాను.

"గింజలు మంచియే గదా. గదే రాసియ్యుండ్రి, చాలు," అన్నది.

ఆమె కాగితం ఆ సాయంత్రమే ఇచ్చాను. కానీ అంతకు ముందు అదే సీసాతో గాంధారి రైతు సోమ్లా పల్లీలను కూడా తిప్పి పంపాను. సవరించిన నివేదిక పట్టుకుని ఆటోలో వాళ్ల తండాకు వెళ్లాను. సోమ్లా మంచం వాల్చి, చాయ్ తెప్పించాడు.

"తినేటందుకు పనికిరావని రాస్తిరి సారూ. సబ్బుల నూనెకని అగ్గువకు ఇచ్చేసిన," అన్నాడు.

తప్పు గింజలో ఉందని రాసేముందు, అది మన సీసాలో లేదని తేల్చుకోవాలి. ఇది తెలియడానికి ముప్పయ్యేళ్ల అనుభవం అక్కర్లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ నివేదిక మీదా ఖాళీ పరీక్ష చేయకుండా, రెహానా చేత సరిచూపించకుండా సంతకం పెట్టలేదు.