ఏడు వింత చోట్లలో ఐదోది

మా మావయ్య పోయాడు. మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసి, "మీ మావ పోనాడు. వస్తే రా, రాకపోతే మానీ. వచ్చి మళ్లీ ఏటీ రాయకు" అంది. అయినా రాస్తున్నాను. తిట్టాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేనొకదాన్ని, మీలోనూ చాలామంది ఉన్నారు.

పోయినవాళ్లందరినీ దేవుళ్లను చేసి రాయడం నాకు చేతకాదు. మావయ్య నోరు మంచిది కాదు. మా అమ్మకు అన్న, శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఒక పల్లెలో రైతు. చిన్నప్పుడు క్రిస్మస్ సెలవులకు వెళితే నన్ను బస్సెక్కించి వింతలు చూపించడానికి తిప్పేవాడు. పొందూరులో చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారని ఆయన చూపిస్తేనే తెలిసింది. అంత సన్నటి ఖద్దరుకి మొదలు ఒక చేప పళ్లా అని నేను ఆ ఎముక పట్టుకోబోతే చేతిమీద ఒక్కటేశాడు. "సూడు. ముట్టకు." ఎక్కడికెళ్లినా పది నిమిషాలు దాటనిచ్చేవాడు కాదు. "సూసినావా? సాలు, పద. ఆళ్ల పని ఆళ్లని సేసుకోనీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

అన్నిటికన్నా పెద్ద వింత ఆయన ఊళ్లోనే ఉండేది. ఏటా చలికాలానికి గూడబాతులు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెట్టేవి. ఊరివాళ్లు వాటిని పక్షులనరు, పురిటికి వచ్చిన ఆడపిల్లలంటారు. అవి ఉన్నన్నాళ్లూ దీపావళికి టపాసులుండవు, పెళ్లికి బాజాలుండవు. మావయ్య తన జన్మలో గొంతు తగ్గించి మాట్లాడింది ఆ చెట్ల కిందే.

మూడేళ్ల కిందట ఒక పత్రికకి "ఈ సెలవుల్లో చూడదగ్గ ఏడు వింత చోట్లు" అని రాశాను. ఐదోది ఆ ఊరు. ఎక్కడ బస్సు దిగాలో, ఏ దారి పట్టాలో అన్నీ రాశాను. మావయ్యను ఒక్క మాట అడగలేదు. చివర్లో "చెట్ల కింద చప్పుడు చేయకండి" అని ఒక వాక్యం ఉండేది. ఫోటో పెద్దగా పడాలని దాన్ని నా చేత్తో నేనే కొట్టేశాను. నాకు సిగ్గుండాలి.

మీరు వచ్చారు. కార్లేసుకుని, బిర్యానీ పొట్లాలు పట్టుకుని, స్పీకర్లు మోగించుకుంటూ. పక్షులు ఎగిరితేనే రీలు బాగుంటుందని ఒక మహానుభావుడు డ్రోన్ లేపాడు. ఇంకొకడు పళ్లెం వాయించాడు. తల్లులన్నీ ఒక్కసారిగా లేచేసరికి రెక్కలు రాని పిల్లలు కింద పడ్డాయి. మావయ్య భుజం మీది తువ్వాలు పరిచి పట్టుకుని చెట్ల కింద పరిగెత్తాడు. మీలో ఎవరో దాన్ని కూడా వీడియో తీసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టారు. నేను చూశాను. అందులో ఆయన అరుస్తున్నది ఒకటే మాట: "మీ ఇళ్లల్లో బాలింతలు లేరేట్రా!"

మరుసటి ఏడు పక్షులు రాలేదు. ఆ దీపావళికి ఊళ్లో కుర్రాళ్లు టపాసులు కాల్చారు. ఎవరికోసం మానుతారు? మావయ్య నన్ను తిట్టలేదు. అంత నోరున్న మనిషి నాతో మాట్లాడటమే మానేశాడు. ఫోన్ చేస్తే అత్త చేతికి ఇచ్చేసేవాడు. ఎప్పటికైనా తిడతాడని, తిట్టాక మళ్లీ మామూలుగా ఉంటాడని ఎదురుచూశాను. ఇక తిట్టడు.

దినానికి వెళ్లాను. ఇంటి వెనక చింతచెట్ల కింద, ఒక మాను నుంచి ఇంకో మానుకి కొత్త వల కట్టి ఉంది. ఏమిటని అడిగితే అత్త చెప్పింది.

"పోయిన నెల కట్టినాడు. ఆడపిల్లలు అలిగినారు, ఎప్పటికైనా వస్తారన్నాడు. ఆళ్ల ఎనకాల జనాలూ వస్తారు, ఈసారి పిల్లలు నేలబడకూడదన్నాడు. ఆ ఒంటితో నిచ్చెనెక్కొద్దంటే ఇన్నాడేటి?"

పైన ఒక్క గూడు లేదు. వల ఎండు రెమ్మలతో నిండి కిందికి జారిపోయింది. ఊరి పేరు ఈసారి రాయను, వెతుక్కుంటూ రాకండి.

"నిలబడి సూస్తావేటి, ఆ కొస పట్టు" అంది అత్త. పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపూ నిలబడి వల దులిపాం. దులుపుతుండగానే పైనుంచి రెమ్మలు ఇంకా రాలుతున్నాయి.