నూనె తగలకూడని మిషను

1962 వేసవిలో నన్ను మాచర్ల అవతల, కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న చోట, వర్క్‌షాపు గ్యాస్ షెడ్డులో కంప్రెసర్ ఆపరేటరుగా వేశారు. టెంపరరీ ఉద్యోగం. అప్పటికి నాకు ముప్ఫై ఒకటో ఏడు, సంతకం బదులు వేలిముద్ర. పిడుగురాళ్ల క్వారీల్లో గాలి కంప్రెసర్లు తిప్పిన అనుభవం చూసి తీసుకున్నారు.

కంప్రెసర్ అంటే గాలినో గ్యాసునో అదిమి పంపే యంత్రం. సిలిండరులో పిస్టన్ ఆడే చోట జారుడు కావాలి. ఏ గ్యాసుకు ఏ నూనె అన్నదే మా పనిలో అసలు తెలివి. గాలి కంప్రెసరుకు మరీ పల్చటి నూనె పోస్తే వేడికి నిలవదు, మరీ చిక్కటిది పోస్తే మాడి వాల్వుల మీద బొగ్గులా పేరుకుంటుంది. క్వారీలో ఈ రెండు తప్పులూ చేసి తిట్లు తిన్నాను. డబ్బా మీద పేరు చదవలేను గనక నూనెను వేళ్ల మధ్య రాసి, సాగదీసి, వాసన చూసి పోల్చుకునేవాణ్ణి.

ఈ షెడ్డులో ఇనుము కోసేవాళ్ల కోసం ఆక్సిజన్ సిలిండర్లు నింపేవాళ్లం. నింపే కంప్రెసరుకు నూనె వాడరు. శుద్ధి చేసిన నీళ్లలో కొంచెం గ్లిజరిన్ కలిపి, గాజు గొట్టంలోంచి చుక్కచుక్కగా లోపలికి వదలాలి. దీనికి నూనె పోయొద్దని, నూనె అంటిన చేత్తో ముట్టొద్దని చేరిన రోజే ఇంజనీరు గారు చెప్పారు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే పని రానివాణ్ణని పంపేస్తారేమోనని భయం. నా దగ్గర హెల్పరుగా ఉన్న కోటయ్యకు యాభై ఏళ్లుంటాయి. అతను అడిగితే, "పెద్దాయన వద్దన్నాడు మామా, అంతే" అన్నాను.

ఆ ఏడు దసరాకు షెడ్డులో ఆయుధపూజ చేశారు. మేం క్రైస్తవులం. సెలవు దొరికింది కదా అని నేను నరసరావుపేటలో అత్తగారింటికి వెళ్లాను. తిరిగి డ్యూటీకి వచ్చేసరికి కంప్రెసరుకు బంతిపూల దండ, బొట్లు, ఒళ్లంతా తళతళ. స్విచ్చి వేయబోతూ అలవాటుగా గాజు గొట్టం వంక చూశాను. నీళ్లలా తేటగా ఉండాల్సింది పచ్చగా ఉంది. చుక్క తీసి వేళ్ల మధ్య రాశాను. ఆముదం.

ఎవరు పోశారని అడిగితే కోటయ్య నవ్వుతూ ముందుకొచ్చాడు.

"నేనేరా ఏసోబూ. ఏడాది పొడుగునా నీళ్లు తాగే మిషను గదా, పండగ పూటన్నా ఇంత నూనె తాగనీ అని పోశా. మా ఆడోళ్లు ఇంట్లో వండింది, కల్తీ లేదు. ఒంటిక్కూడా పట్టించా, చూడు ఎట్టా మెరుస్తందో."

నేను స్విచ్చి పెట్టెలోంచి ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను.

ఫోర్‌మన్ వెంకట్రామయ్య గారు వచ్చారు. అవతల సిలిండర్లు లేక ఇనుము కోత పని ఆగేలా ఉంది.

"పోస్తే ఏమవుద్దిరా?" అన్నారు.

"పోయొద్దన్నారండీ" అన్నాను.

"మేం పూజ చేసిన మిషను తిప్పడానికి నీకు చేతులు రావడం లేదా ఏంది?"

అందరూ నా వంక చూశారు. ఆ మాట గుచ్చుకుంది. అయినా ఫ్యూజులు ఇవ్వలేదు. ఇంజనీరు గారు వచ్చి తిప్పమంటే తిప్పుతానని, ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేయొచ్చని చెప్పాను. తీసేయించడానికే ఫోర్‌మన్ గారు ఆఫీసుకు పోయి, ఇంజనీరు గారిని జీపులో వెంటబెట్టుకొచ్చారు.

ఇంజనీరు గారు గాజు గొట్టం చూసి, "స్టార్ట్ చేశారా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. అక్కణ్ణుంచే విషయం చెప్పారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజనుకు నూనె తగిలితే ఎవరూ నిప్పు పెట్టనక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. కంప్రెసరు సిలిండరు తల క్వారీలో మందు పేలినట్టు పేలుతుంది. షెడ్డులో ఉన్న ఆరుగురిలో ఒక్కరూ మిగలరు. మిషనుకు బిగించిన ఇత్తడి రేకు మీద ఇదే ఇంగ్లీషులో రాసి ఉంది. కుంకుమ బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టారు.

కోటయ్య మొహాన నెత్తురు లేదు. "ఒరేయ్, నువ్వు పేటలో ఇంకో పూట ఉండుంటే?" అన్నాడు.

"ఇంకో పూటుంటే మా అత్త తరిమేసేది మామా" అన్నాను. అందరూ నవ్వారు. ఫోర్‌మన్ గారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

మూడు రోజులు మిషను విప్పి శుభ్రం చేశాం. పిస్టన్ల తోలు వాషర్లు పారేసి కొత్తవి వేశాం. వాల్వులూ గొట్టాలూ జిడ్డు తీసే మందుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, మరక రానంతవరకూ మళ్లీ కడిగాం. గుడ్డ ఎండలో పట్టుకుని చూసింది ఫోర్‌మన్ గారే. నాలుగో రోజు మొదటి సిలిండరు నిండి, మీటరు ముల్లు గీత మీద నిలిచింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, టీకి వెళ్లారు. తర్వాతి ఏడు నుంచి బొట్లు షెడ్డు తలుపుకు పెట్టుకున్నారు.

నన్ను మెచ్చుకుని ఉద్యోగం పర్మనెంటు చేశారు. నిజానికి తప్పు నాదే. కోటయ్య అడిగిన రోజు నేను కారణం కనుక్కుని చెప్పి ఉంటే అతను ఆ ఆముదం తెచ్చేవాడు కాదు. ఆ చలికాలంలోనే కాలనీ బడి పంతులమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను, ఇంగ్లీషు రేకులు చదవగలిగేదాకా వదల్లేదు. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ఎవరికీ ఫలానా నూనె పోయొద్దని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. పోస్తే ఎవరు చస్తారో కూడా చెప్పాను.