కోపమొస్తే కూర్చునే మేస్త్రి

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో నేను కాటా దగ్గర పనిచేసిన రోజుల్లో అక్కడ ఒక మేస్త్రి ఉండేవాడు. బాప్తిస్మం తీసుకోకముందు ఆయన చేతి దెబ్బ తినని కూలీ లేడని చెప్పుకునేవారు. నేను చూసేనాటికి ఆయనకో అలవాటు ఉండేది. కోపమొస్తే ఎక్కడున్నా సరే, గొంతుక్కూర్చుని కళ్లు మూసుకునేవాడు. కూలీలు చాటుగా నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

ఒక మధ్యాహ్నం లారీ వెనక్కి వస్తూ అదే బట్టీలో పనిచేసే ఆయన తమ్ముడి పాదం మీదికి ఎక్కింది. కూలీలు డ్రైవర్‌ను కిందికి లాగి, పారలు పట్టుకుని చుట్టుముట్టారు.

"నువ్వు ఊఁ అను మేస్త్రీ, ఈణ్ణి ఈడనే పాతేస్తాం" అన్నారు.

మేస్త్రి ఆ సున్నపు దుమ్ములోనే కూర్చుండిపోయాడు. మోకాళ్ల మీద పిడికిళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. నాలుగు ఊపిరులు తీసినంతసేపే. లేచి, "పారలు కింద పడెయ్యండి. తమ్ముణ్ణి ఆటో ఎక్కించండి" అన్నాడు. తర్వాత డ్రైవర్ చెయ్యి పట్టుకుని, "నువ్వూ ఎక్కు. ఈడుంటే నిన్ను బతకనియ్యరు" అంటూ తన పక్కనే కూర్చోబెట్టుకుని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

తమ్ముడి పాదం దక్కింది. కొన్ని నెలలకు కుంటుతూనైనా పనిలోకి వచ్చాడు. అతను తిరిగొచ్చిన రోజు ఉండబట్టలేక మేస్త్రిని అడిగాను.

"ఆ లారీ డ్రైవర్ మీద నీకసలు కోపం రాలేదా బాబాయ్?"

"రాకేం? ఆడి పీక పిసకాలని చేతులు చానా లాగినయ్యి. నా కోపం చావలేదురా అబ్బాయ్. పొద్దున్నే లేచి, ఈ ఒక్క రోజుకి శాంతం ఇయ్యి తండ్రీ అని అడుగుతా. ఆ రోజుకి ఇచ్చాడు, ఇయ్యాల్టికీ ఇచ్చాడు. రేపటిది రేపు అడుగుతా" అన్నాడు సంతోషంగా.