పబ్బు దూలాలకు చిత్రిక పట్టిన రోజు

నాలుగు వందల ఏళ్ల ముసలి కట్టెను ఒక్క పూటలో పసిబిడ్డను చేసి, తన నెత్తిన తనే బండ వేసుకున్నవాడు కువైట్ మొత్తంలో నేనొక్కణ్ణే. చెబుతాను, నవ్వుకోండి. నాకైతే నవ్వే ఓపిక లేదు.

ఏడేళ్ల కిందటి మాట. ఫింటాస్‌లో ఒక కువైటీ ఆసామి ఇంగ్లండు పల్లెటూరి పబ్బులాంటి హోటలు కట్టించాడు. మందు నిషేధం కదా అంటారా? అమ్మేది చాయే. కట్టడం మాత్రం అచ్చం పబ్బుదే: తలకు తగిలే పైకప్పు, గోడంత పొయ్యి, బుల్లి కిటికీలు. ఇంగ్లండులో కూల్చేసిన పాత పబ్బు దూలాలు ఆరు ఓడలో తెప్పించాడు. వడ్రంగిని నేను. అప్పటికి మూడేళ్లుగా నాకు సెలవు లేదు. కూతుర్ని పుట్టినప్పటి నుంచీ ఫోన్లోనే చూస్తున్నాను. "ఈ పని అయిపోతే ఊరికి పంపిస్తా" అని ఫోర్‌మన్ రమణన్న మాటిచ్చాడు. ఆయనది రాయచోటి, మాది ఆ పక్క పల్లె.

దూలాలు విప్పి చూశాను. ఒకటి నడుం వంగింది, ఇంకోటి మసి బారింది, అన్నిటి నిండా బాడిశ గాట్లే. నేనేమో రసమట్టంలో బుడగ నడుమ నిలవకపోతే అన్నం సహించని మనిషిని. డిజైను చూసే ఇంగ్లీషు దొరసాని రెండు రోజులు రానంది. ఇంకేం! వంకరంతా చెక్కేసి, చిత్రిక పట్టి, వార్నిష్ కొట్టాను. సెలవు ముందే దొరుకుతుందని ఈల కూడా వేశాను.

రమణన్న వచ్చి అక్కడే కూలబడ్డాడు.

"పాతవి యాడబెట్టినావురా?"

"ఇవేన్నా! పెండ్లికూతుర్ల మాదిరి లేవూ?"

"కొంప ముంచినావు గదరా! ఆ వంకర కోసమే గదా ఓడెక్కిచ్చి తెచ్చింది!"

"వంకర కోసం ఎవురన్నా ఓడెక్కిస్తారాన్నా?"

"నీ సెలవు ఖలాస్. నా పని గూడా ఖలాస్. ఎల్లుండికి ముసిలివి చెయ్, ఎట్ల జేస్తావో!"

వార్నిష్ గీకాను. గొలుసుతో బాదాను. బాడిశతో గాట్లు పెట్టాను. చివర్లు తొలిచి నడుం వంగినట్టు చేశాను. నల్ల చాయ్ మరిగించి పోసి, బొగ్గు రుద్దాను. చేతులు పుండ్లయ్యాయి, ఏడుపొచ్చింది.

మూడోరోజు ఆసామితో కలిసి దొరసాని వచ్చింది. దూలం నిమిరి కళ్లు తుడుచుకుంది. ఆమె ఇంగ్లీషును రమణన్న తెలుగు చేసి నా చెవిలో చెప్పాడు: "తాతల కాలం పనితనమంట. ఇప్పుటోళ్ల చేత కాదంట. నోరు మూసుకోని నిలబడు."

మూసుకున్నానా? అంత మాట విన్నాక వడ్రంగి అన్నవాడు ఊరుకుంటాడా?

"నేనే, మేడమ్! నిన్ననే!" అని గుండె చరుచుకుని, గొలుసు కూడా తెచ్చి చూపించాను.

దొరసాని నోరెళ్లబెట్టింది. ఆసామి దూలాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పగలబడి నవ్వి, నా భుజం తట్టాడు.

"ఇక ఓడలెందుకు? ఇంకో రెండు హోటళ్లకు ఇతనే చేస్తాడు. యల్లా, మొదలుపెట్టండి!"

"మరి నా సెలవు?" అన్నాను.

"నువ్వు పోతే ముసిలివి ఎవురు జేస్తారురా?" అన్నాడు రమణన్న, నా మొహం చూడలేక.

పాప బడిలో చేరిందని ఫోన్లో విన్న రోజున సుత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: వంకరగా ఉన్నదాన్ని ఈ జన్మలో సరిచేయను. ఒకవేళ చేసినా, చేసింది నేనేనని చచ్చినా చెప్పను.